‘ఎలా ఉంది?’ అని అడగకండి, ఒక పని చెప్పి చూడండి

(కొత్తగా వెబ్‌సైట్ పెట్టిన చిన్న వ్యాపారుల కోసం చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళు చదువుకోవడానికి రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినిపిస్తోందా అండీ? సరే.

ముందు ఒక మాట అడుగుతాను. ఈ మధ్యనే మీ వ్యాపారానికి వెబ్‌సైట్ పెట్టినవాళ్ళు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మంచిది. సైట్ మొదలైన రోజు ఏం చేశారు? లింకు తెలిసినవాళ్ళందరికీ పంపించి ఉంటారు. చుట్టాల గ్రూపు, స్నేహితుల గ్రూపు, పాత ఆఫీసు గ్రూపు. కింద ఒక లైను, ‘మా కొత్త సైట్, చూసి ఎలా ఉందో చెప్పండి’ అని. జవాబులేం వచ్చాయి? ‘సూపర్’, ‘కంగ్రాట్స్’, ‘కలర్స్ బాగున్నాయి’. ఒకరిద్దరు ‘లోగో ఇంకాస్త పెద్దగా ఉంటే బాగుండేది’ అని ఉంటారు.

ఇప్పుడు చెప్పండి. ఆ జవాబులన్నీ చదివాక, కొత్త మనిషి ఒకరు మీ సైట్‌కి వస్తే, తనకి కావలసింది కనుక్కుని ఆర్డర్ పెట్టగలరా లేదా అన్నది మీకు తెలిసిందా? తెలియలేదు. ఎలా తెలుస్తుంది? మనం అడిగింది అది కాదుగా. ‘ఎలా ఉంది’ అని అడిగాం, ఎలా ఉందో చెప్పారు. పైగా వాళ్ళు మనవాళ్ళు. నెలల తరబడి కష్టపడి ఒక పని పూర్తి చేశామని వాళ్ళకి తెలుసు. బాగోలేదని ఏ నోటితో చెప్తారు?

నేను ఈరోజు చెప్పేదంతా ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. కొత్త సైట్ గురించి అభిప్రాయం అడగడం మానండి. ఒక పని చెప్పండి. చెప్పి, పక్కన కూర్చుని, నోరు మెదపకుండా చూడండి. అభిప్రాయం వేరు, చేసిన పని వేరు. మనకి కావలసింది రెండోది.

మీకో అనుమానం రావచ్చు. ‘చుట్టాలంటే మొహమాటానికి చెప్తారు, ముక్కూ మొహం తెలియనివాళ్ళు నిజమే చెప్తారు కదా?’ అని. చెప్పాలనే అనుకుంటారు. కానీ తాము ఒక పని ఎందుకు చేశారో మనుషులకే సరిగ్గా తెలియదు. దీని మీద రిచర్డ్ నిస్బెట్, తిమోతీ విల్సన్ అని ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1977లో ఒక వ్యాసం అచ్చు వేశారు. అందులో ఒక ప్రయోగం ఉంది. బల్ల మీద నాలుగు జతల నైలాన్ మేజోళ్ళు వరసగా పెట్టి, వచ్చినవాళ్ళని ‘వీటిలో ఏది నాణ్యంగా ఉంది?’ అని అడిగారు. నాలుగూ అచ్చంగా ఒకటే. అయినా కుడి చివర ఉన్న జతని ఎన్నుకున్నవాళ్ళు, ఎడమ చివర దాన్ని ఎన్నుకున్నవాళ్ళకి దాదాపు నాలుగు రెట్లు. ఎందుకు అదే తీసుకున్నారని అడిగితే ‘కుడి పక్కన ఉందని’ అని ఒక్కరూ అనలేదు. పెట్టిన చోటు వల్ల ఏమైనా తేడా వచ్చిందేమో అని నోరు తెరిచి అడిగినా, దాదాపు అందరూ లేదనే చెప్పారు.

వాళ్ళు అబద్ధం ఆడలేదండీ. నిజాయితీగానే చెప్పారు. తమ మీద పనిచేసిన కారణం తమకే కనపడలేదు, అంతే. మీ సైట్ చూసినవాళ్ళ సంగతి కూడా అంతే. ‘ఎందుకు ఆర్డర్ పెట్టలేదు?’ అని అడిగితే ఏదో ఒక కారణం చెప్తారు. నమ్మేలాగే ఉంటుంది. దాన్ని నమ్మి మీరు రంగులు మార్చడం మొదలుపెడతారు. అసలు కారణం ఎక్కడో ఫారంలో ఉంటుంది.

సరే, పని చెప్పమన్నాను. ఎలాంటి పని? ఇక్కడ కొంచెం నిదానంగా వెళ్తాను, ఎందుకంటే చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఇంట్లో పాడైన సామాన్లు రిపేర్ చేసే వాళ్ళ సైట్ ఒకటి అనుకుందాం. సైట్‌లో ‘బుకింగ్’ అని ఒక బటన్ ఉంది. యజమాని ఏం చెప్తాడు? ‘మా సైట్‌లో సర్వీస్ బుకింగ్ చేసి చూడండి’ అంటాడు. ఎదుటివాళ్ళు ఏం చేస్తారు? ‘బుకింగ్’ అనే మాట ఎక్కడుందా అని వెతుకుతారు. దొరుకుతుంది. నొక్కుతారు. పది సెకన్లలో అయిపోతుంది. యజమానికి ఆనందం. కానీ తెలిసిందేమిటి? ఆ మనిషికి చదవడం వచ్చని తెలిసింది. నిజం కస్టమర్ ‘నేనిప్పుడు సర్వీస్ బుకింగ్ చేయాలి’ అనుకుంటూ రాడు. ‘వాషింగ్ మెషిన్‌లో నీళ్ళు నిలబడిపోయాయి, రేపు ఇంటికి చుట్టాలొస్తున్నారు’ అనుకుంటూ వస్తాడు. కాబట్టి పని అలాగే చెప్పాలి. ‘మీ వాషింగ్ మెషిన్‌లోంచి నీళ్ళు బయటికి పోవట్లేదు. రేపు సాయంత్రంలోపు ఎవరైనా వచ్చి చూసేలా ఏర్పాటు చేసుకోండి.’ అంతే. మీ సైట్ మీద ఉన్న మాట ఒక్కటి కూడా అందులో ఉండకూడదు. మెనూలో ‘పరిష్కారాలు’ అని రాసుకుంటే, మీ నోట ‘పరిష్కారం’ అనే మాట రాకూడదు.

అది చెప్పాక ఇంకో రెండు మాటలు చెప్పండి. ‘మేము పరీక్షిస్తున్నది సైట్‌ని, మిమ్మల్ని కాదు. మీకు ఏదైనా దొరక్కపోతే అది మా లోపమే.’ ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు. ఇది చెప్పకపోతే వాళ్ళు పరీక్ష రాస్తున్నట్టు బిగుసుకుపోతారు. రెండోది, ‘చేస్తున్నప్పుడు మనసులో ఏమనుకుంటే అది పైకి అంటూ ఉండండి’ అని. ఏం చూస్తున్నారు, ఏం వెతుకుతున్నారు, ఏం జరుగుతుందనుకుంటున్నారు, అన్నీ. ఈ పద్ధతి మనస్తత్వ శాస్త్రంలోంచి వచ్చింది. కంప్యూటర్ తెరల పరీక్షలోకి దీన్ని తెచ్చింది ఐబీఎమ్‌లో పనిచేసిన క్లేటన్ లూయిస్, 1982లో. అప్పటినుంచి ఇప్పటిదాకా ఇంతకంటే చవకగా, ఇంతకంటే ఎక్కువ చెప్పే పద్ధతి చిన్న వ్యాపారానికి ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం.

ఇంతకు ముందు చెప్పినదానికి ఇది విరుద్ధం కాదా అని మీరు అడగాలి. మనుషులకి తమ కారణాలు తెలియవన్నావు, మళ్ళీ పైకి మాట్లాడించమంటున్నావు, అని. తేడా ఉంది. ‘ఎందుకు చేశారు’ అని తర్వాత అడగడం వేరు, చేస్తున్నప్పుడు ‘ఫోన్ నంబర్ ఎక్కడుందా అని చూస్తున్నా’ అని వాళ్ళంతట వాళ్ళు అనడం వేరు. రెండోదాంట్లో కారణాలు అల్లే తీరిక ఉండదు.

ఇలాంటి ఒక కూర్చోబెట్టడం నేను దగ్గరుండి చూశాను, అది చెప్తాను. ఇందాక అన్నట్టు రిపేర్ వాళ్ళ సైట్. యజమాని ఒక పక్క, నేను ఒక పక్క, మధ్యలో ఒకావిడ. ఆవిడకి ఆ వ్యాపారం గురించి ముందేమీ తెలియదు. వాషింగ్ మెషిన్ పని చెప్పాం. ఆవిడ తన ఫోన్లోనే సైట్ తెరిచారు. పైన పెద్ద అక్షరాలతో ‘మీ ఇంటికి నమ్మకమైన సాంకేతిక పరిష్కారాలు’ అని ఉంది. చదివి, ‘ఇది కంప్యూటర్లు బాగుచేసేవాళ్ళదా?’ అన్నారు. యజమాని మొహం చూడాలి అప్పుడు. ఆ వాక్యం కోసం ఆయన రోజులు తీసుకున్నాడు.

ఆవిడ కిందికి జరిపారు. వాషింగ్ మెషిన్ ఫొటో ఉంది. ‘ఆ, ఇదిగో’ అని దాని మీద వేలు పెట్టారు. ఏమీ కాలేదు. అది ఉత్త బొమ్మ. మళ్ళీ నొక్కారు. మూడోసారి కొంచెం గట్టిగా నొక్కారు. ఏమన్నారో తెలుసా? ‘నెట్ స్లోగా ఉన్నట్టుంది.’ ఈ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. తప్పు సైట్‌ది. ఆవిడ ఎవర్ని తప్పుపట్టారు? నెట్‌ని. ఇంకొకరైతే తమనే తప్పుపట్టుకుంటారు, ‘నాకు ఇవన్నీ సరిగ్గా రావులెండి’ అని. ఇలాంటి తప్పు గురించి మీకు ఎవరైనా, ఎప్పుడైనా ఫిర్యాదు చేస్తారా? చేయరు. వాళ్ళ దృష్టిలో అక్కడ తప్పే లేదు కదా, ఏమని చేస్తారు?

కాసేపటికి మెనూలోంచి ఫారం దగ్గరికి వెళ్ళారు. పేరు రాసే పెట్టెలో వేలు పెట్టగానే పేజీ ఒక్కసారి పెద్దదై కుడివైపు తెరలోంచి బయటికి పోయింది. ఐఫోన్‌లో ఇలా అవుతుంది. ఆ పెట్టెలో అక్షరాల సైజు 16 పిక్సెళ్ళ కంటే తక్కువ పెడితే ఫోనే పేజీని జూమ్ చేస్తుంది. మీ డెవలపర్‌కి చెప్తే ఐదు నిమిషాల్లో సరిచేస్తాడు, కానీ ఆయన తన పెద్ద స్క్రీన్ మీద చూసినంతకాలం కనపడదు. సరే, ఆవిడ ఓపిగ్గా అన్నీ నింపారు. ఫోన్ నంబర్ మధ్యలో ఖాళీ వదిలి రాశారు, అందరం రాసినట్టే. ‘పంపించు’ నొక్కారు. సైట్ ఆ నంబర్ ఒప్పుకోలేదు. ఒప్పుకోలేదని ఎర్ర అక్షరాలతో చెప్పింది కూడా. ఎక్కడ? పేజీ మొదట్లో. ఆవిడ ఉన్నది పేజీ చివర్లో. ఇంకోసారి నొక్కారు. ఒక క్షణం చూసి, ‘అయిపోయినట్టుంది’ అని ఫోన్ బల్ల మీద పెట్టేశారు.

బుకింగ్ అయిపోయిందని అనుకున్నారండీ ఆవిడ. అదే నిజం కస్టమర్ అయితే మర్నాడు సాయంత్రం దాకా ఎదురుచూసేవారు. ఎవరూ వచ్చేవారు కాదు. ‘వీళ్ళు మాట నిలబెట్టుకోరు’ అని పదిమందితో అనేవారు. యజమానికి ఆ ఆర్డర్ సంగతే తెలియదు. ఆయన తప్పేమీ లేకుండా ఆయన పేరు పోయేది.

చివర్లో మర్యాద కోసం ‘సైట్ ఎలా ఉందండీ?’ అని అడిగాం. ‘బాగుందండీ, ఈజీగానే ఉంది’ అన్నారు. మనసు పూర్తిగా అన్నారు. ఆ రోజు మేం జవాబు మాత్రమే అడిగి ఉంటే, మా చేతికి దక్కేది ఆ ఒక్క వాక్యమే.

అంతసేపూ యజమాని ఎలా కూర్చున్నాడో కూడా చెప్పాలి. ఆయన చెయ్యి రెండు మూడుసార్లు ఆ ఫోన్ వైపు వెళ్ళబోయింది. ‘పైన ఉందమ్మా చూడండి’ అనేది గొంతు దాకా వచ్చింది. ముందే మాట తీసుకున్నాను కాబట్టి ఆగాడు. మీరు కూడా ఆగాలి. ఇది చాలా కష్టమైన పని, తేలిగ్గా చెప్పట్లేదు. మన ఇంట్లో స్విచ్ ఎక్కడుందో చీకట్లో కూడా మన చేతికి తెలుసు. చుట్టం వస్తే గోడంతా తడుముకుంటాడు. సైట్ కట్టినవాళ్ళం మనం, అందులో మనకి చీకటే ఉండదు. అందుకే ఎదుటివాళ్ళు తడుముకుంటుంటే చూడలేం. కానీ మీరు నోరు తెరిచి దారి చూపిన క్షణంలో పరీక్ష అయిపోయినట్టే. రేపు నిజం కస్టమర్ పక్కన మీరు ఉండరు.

వాళ్ళు మిమ్మల్నే అడిగితే? ‘ఇది నొక్కాలా?’ అని అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. ‘నేను ఇక్కడ లేకపోతే ఏం చేసేవారు?’ అని తిరిగి అడగండి. చాలాసేపు మాట్లాడకపోతే ‘ఇప్పుడు ఏమనుకుంటున్నారు?’ అనండి. ఈ రెండు ప్రశ్నలు చాలు. మీరు రాసుకునేది కూడా చూసింది చూసినట్టు రాసుకోండి. ‘మెనూ మార్చాలి’ అని రాయొద్దు. ‘ఫొటో మీద మూడుసార్లు నొక్కారు, నెట్ స్లో అనుకున్నారు’ అని రాయండి. ఏం మార్చాలన్నది తర్వాత, నిదానంగా ఆలోచించుకునే పని.

ఎంతమందిని కూర్చోబెట్టాలి? అక్కడ ఒకరు ‘వంద మందిని అయినా అడగాలి కదా’ అంటున్నారు. అక్కర్లేదండీ. జాకబ్ నీల్సన్, టామ్ లాండావర్ అని ఇద్దరు పరిశోధకులు 1993లో దీని మీద లెక్క వేశారు. వాళ్ళు చూసిన ప్రాజెక్టుల్లో ఒక్క మనిషిని పరీక్షిస్తే, ఉన్న ఇబ్బందుల్లో సగటున 31 శాతం బయటపడ్డాయి. రెండో మనిషి దగ్గర కొన్ని పాతవే మళ్ళీ కనిపిస్తాయి, కొన్ని కొత్తవి. అలా కూడుకుంటూ పోతే ముగ్గురికి మూడింట రెండు వంతులు, ఐదుగురికి సుమారు 85 శాతం. ఆ తర్వాత చూసిందే చూస్తుంటారు. 2000లో నీల్సన్ దీన్నే అందరికీ అర్థమయ్యేలా రాశాడు. పదిహేను మందికి సరిపడా డబ్బుంటే ఒకేసారి ఖర్చుపెట్టకండి, ఐదుగురిని చూసి, సరిచేసి, మళ్ళీ ఐదుగురిని చూడండి, మళ్ళీ సరిచేయండి, అని. ఈ సలహాలో నాకు బాగా నచ్చేది మధ్యలో ఉన్న ఆ సరిచేయడం. మొదటి ఐదుగురూ గుమ్మం దగ్గరే ఆగిపోతే లోపల ఏముందో ఎవరికీ తెలియదు. గుమ్మం బాగుచేశాకే లోపలి ఇబ్బందులు బయటికొస్తాయి.

ఆ 31 సగటు అంకె, మీ సైట్‌కి అంతే ఉంటుందని కాదు. ఇంకో జాగ్రత్త. ఐదుగురిలో ముగ్గురు తడబడితే ‘మా కస్టమర్లలో 60 శాతం తడబడుతున్నారు’ అని ఎక్కడా రాయొద్దు. ఐదుగురు ఇబ్బంది ఎక్కడుందో చూపిస్తారు. ఎంత శాతం మందికి ఉందో చెప్పలేరు.

ఎవర్ని కూర్చోబెట్టాలనేది ఎంతమంది అన్నదానికంటే ముఖ్యం. మీ సైట్ తయారుచేసినవాళ్ళని వద్దు. ఇంకో వెబ్ డిజైనర్‌ని అసలే వద్దు, ఆయన కస్టమర్‌లా చూడడు, సాటి డిజైనర్‌లా తప్పులు పడతాడు. మీరు అమ్మే వస్తువు అవసరం ఎప్పుడో ఒకప్పుడు పడిన మనిషి కావాలి. ఆ అవసరం తెలిసినవాళ్ళు అయితే చాలు, వయసు, చదువు రకరకాలుగా ఉంటే ఇంకా మంచిది. కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళు ఒకరైనా ఉండేలా చూసుకోండి. లేత బూడిద రంగు అక్షరాలు తెల్లటి పేజీ మీద చూడ్డానికి అందంగా ఉంటాయి, చదవడానికి కాదు. అక్షరానికి, వెనక రంగుకి మధ్య వెలుగులో తేడా, అంటే కాంట్రాస్ట్, కనీసం 4.5కి 1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెప్తాయి. కొలిచే ఉచిత పరికరాలు నెట్‌లో బోలెడు. మరొకటి, వాళ్ళ ఫోన్లోనే చూడనివ్వండి, వైఫై తీసేసి. మీ కొత్త ఫోన్, మీ ఆఫీసు వైఫై ఎప్పుడూ నిజం చెప్పవు. పేజీలో ముఖ్యమైన భాగం రెండున్నర సెకన్లలోపు కనిపిస్తే మంచి వేగం అని గూగుల్ లెక్క.

ఫోన్ పక్కన ఒక నోట్‌బుక్

ఇప్పుడు ఒక్క పైసా ఖర్చు లేని సంగతి. ఇందాకటిదానికంటే దీని గురించే నేను ఎక్కువ పట్టుబడతాను. సైట్ పెట్టాక కూడా మీకు ఫోన్లు వస్తున్నాయి కదా? ‘ఆదివారం తెరిచి ఉంటారా?’, ‘మా ఏరియాకి వస్తారా?’, ‘ముందు ఎంత కట్టాలి?’, ‘నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా?’ మీరేమంటున్నారు? ‘అన్నీ సైట్‌లో ఉన్నాయండీ, చూడండి’ అంటున్నారా?

ఆ మనిషి చూసే ఫోన్ చేశారేమో! చూశారు, దొరకలేదు. లేదా దొరికింది, నమ్మకం కలగలేదు. మీ సైట్ ఆ చోట చెప్పాల్సిన మాట చెప్పలేకపోయిందని, ఆ మనిషి తన డబ్బుతో ఫోన్ చేసి మరీ మీకు చెప్తున్నారు. ఇంతకంటే మంచి ఫీడ్‌బ్యాక్ ఎక్కడ దొరుకుతుంది? అందుకే ఫోన్ పక్కన ఒక నోట్‌బుక్ పెట్టండి. ఎవరేం అడిగారో వాళ్ళ మాటల్లోనే రాయండి. ‘డెలివరీ విధానం గురించి అడిగారు’ అని మీ భాషలోకి మార్చకండి. ‘ఎన్నాళ్ళకి చేతికొస్తుంది అన్నారు’ అని రాయండి. వీలుంటే మెల్లగా ఒక ప్రశ్న వేయండి. ‘మా సైట్ చూశారా అండీ? చూస్తే ఎక్కడ వెతికారు?’ అంతే, ఇంకేం వద్దు. తప్పుపడుతున్నట్టు మాత్రం అడగకండి.

రెండు వారాలు ఇలా రాస్తే ఒక సంగతి తెలుస్తుంది. అడిగినవాళ్ళే వేరు, అడిగిన ప్రశ్నలు మాత్రం అవే మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్నకి జవాబు, వాళ్ళు వాడిన మాటల్తోనే, సైట్‌లో వాళ్ళు వెతికిన చోటే పెట్టండి. ‘తరచూ అడిగే ప్రశ్నలు’ అని ఎక్కడో చివర ఒక పేజీ చేసి అందులో పడేయకండి. ధర దగ్గర వచ్చే అనుమానానికి జవాబు ధర పక్కనే ఉండాలి. ఆ ప్రశ్నతో వచ్చే ఫోన్లు తగ్గాయా లేదా అని మళ్ళీ అదే నోట్‌బుక్‌లో చూడండి. తగ్గితే మీరు చేసిన మార్పు పనిచేసింది. తగ్గకపోతే ఇంకోలా రాయండి.

ఇలాంటిదే ఇంకోటి, గూగుల్ సెర్చ్ కన్సోల్. ఉచితం. జనం ఏ మాటలు టైపు చేస్తే మీ సైట్ కనిపించిందో, అందులో ఎంతమంది నొక్కారో చూపిస్తుంది. మీరు ‘సాంకేతిక పరిష్కారాలు’ అని రాసుకున్నారు, జనం ‘వాషింగ్ మెషిన్ నీళ్ళు పోవట్లేదు’ అని వెతుకుతున్నారు. ఆ తేడా అక్కడ కళ్ళకి కనపడుతుంది.

అంకెల గురించి అడుగుతారని తెలుసు, త్వరగా చెప్పేస్తాను. సైట్‌కి ఎంతమంది వచ్చారో, ఏ పేజీలు చూశారో లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్ పెట్టుకోండి, మంచిదే. మైక్రోసాఫ్ట్ వాళ్ళ క్లారిటీ కూడా ఉచితమే. సైట్‌కి వచ్చినవాళ్ళు ఎక్కడ నొక్కారు, ఎంత కిందికి వెళ్ళారు అనేది వీడియోలా చూపిస్తుంది. ఇందాకటి ఫొటో మీద మూడుసార్లు నొక్కడం లాంటిది అందులో దొరుకుతుంది. కాకపోతే ‘నెట్ స్లోగా ఉన్నట్టుంది’ అన్న మాట దొరకదు. ఎక్కడ ఆగిపోయారో అంకెలు చెప్తాయి, ఎందుకు ఆగిపోయారో మనిషి పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది. అవి వాడితే, వాడుతున్నామని సైట్‌లో చెప్పండి, జనం టైపు చేసే వివరాలు రికార్డు కాకుండా కప్పేసే సెట్టింగు ఉందో లేదో మీరే చూసుకోండి. మనల్ని నమ్మి ఇంటి అడ్రసు రాస్తున్నారు.

‘ఏ/బీ టెస్టింగ్ చేయమంటున్నారు, చేయాలా?’ అని ఇందాక టీ దగ్గర ఒకరు అడిగారు. అంటే సగం మందికి ఒక పేజీ, సగం మందికి ఇంకో పేజీ చూపించి ఏది మెరుగో తేల్చడం. పెద్ద సంస్థలకి సరే. మనకి? లెక్క చూడండి. మీ సైట్‌కి వచ్చే వందమందిలో ఇద్దరు ఆర్డర్ పెడుతున్నారనుకుందాం. కొత్త పేజీ వల్ల ఆ ఇద్దరు ముగ్గురయ్యారా అని నమ్మకంగా తేల్చాలంటే, మామూలుగా వాడే గణాంక పద్ధతిలో ఒక్కో పేజీకి సుమారు 3,800 మంది కావాలి. రెండింటికీ కలిపి 7,600. నెలకి 300 మంది వచ్చే సైట్‌కి రెండేళ్ళు దాటుతుంది. అదే ఐదుగురిని కూర్చోబెడితే రెండు సాయంత్రాలు.

ఒక పాత ఉదాహరణ చెప్తాను, పక్కన కూర్చుని చూడటం ఎంత దూరం తీసుకెళ్తుందో దీంట్లో తెలుస్తుంది. జారెడ్ స్పూల్ అనే నిపుణుడు 2009లో రాశాడు. ఒక పెద్ద ఆన్‌లైన్ అమ్మకాల సంస్థ, పేరు ఆయన చెప్పలేదు. కొనేముందు ఒక చిన్న ఫారం వచ్చేది. ఈమెయిల్, పాస్‌వర్డ్, రెండు బటన్లు, లాగిన్, రిజిస్టర్. రిజిస్టర్ చేసుకుంటే తర్వాత కొనడం తేలికవుతుందని, కస్టమర్ల మేలు కోరే పెట్టారు. స్పూల్ బృందం జనాన్ని కూర్చోబెట్టి కొనమని చూస్తే, కొత్తవాళ్ళకి ఆ ఫారం చూడగానే చిరాకు. కొనడానికొస్తే ఈ గొడవేమిటి అన్నారు. పాతవాళ్ళకైనా సుఖం ఉందా అంటే, ఏ ఈమెయిల్ ఇచ్చారో, ఏ పాస్‌వర్డ్ పెట్టారో గుర్తులేదు. రిజిస్టర్ బటన్ తీసేసి ‘కొనసాగించు’ అని పెట్టారు. ఖాతా లేకుండానే కొనొచ్చని పక్కన ఒక వాక్యం రాశారు. కొన్నవాళ్ళ సంఖ్య 45 శాతం పెరిగింది. మొదటి ఏడాది అదనంగా వచ్చిన అమ్మకాలు 30 కోట్ల డాలర్లు.

మన సైట్‌కి అన్ని కోట్లు రావు, నిజమే. కానీ ఆ ఫారం లాంటిది మీ సైట్‌లో లేదని చెప్పగలరా? ఫోన్ నంబర్ చాలిన చోట పుట్టినరోజు అడుగుతున్నామా? ధర చెప్పడానికి ముందే పూర్తి అడ్రసు అడుగుతున్నామా? ఇంటికెళ్ళాక ఒకసారి చూడండి.

సరిచేసేటప్పుడు

ఐదుగురిని చూశారు, నోట్‌బుక్ నిండింది. చేతిలో పెద్ద జాబితా ఉంటుంది. టెన్షన్ పడకండి. ఒక్కటే ప్రశ్నతో వేరుచేయండి. దీనివల్ల మనిషి పని ఆగిపోయిందా, లేక చిరాకుపడి అయినా ముందుకెళ్ళారా? ఆగిపోయినవి ఈ వారమే. ‘అయిపోయిందనుకున్నారు, కాలేదు’ అన్న రకం అన్నిటికంటే ముందు. మిగతావి మెల్లగా. సరిచేసేటప్పుడు కూడా చిన్న మార్పుతో మొదలుపెట్టండి, ముందు మాటలు మార్చి చూడండి. రిపేర్ ఆయన సైట్‌లో మొదట మారింది పై వాక్యమే. ‘వాషింగ్ మెషిన్, ఫ్రిజ్, ఏసీ రిపేర్. మీ ఇంటికే వచ్చి చేస్తాం.’ డిజైన్ అంతా మళ్ళీ చేయించాల్సిన పని పడలేదు.

సలహాలు కూడా వస్తాయి. ‘ఒక వీడియో పెట్టండి’, ‘చాట్ పెట్టండి’ అని. వెంటనే పెట్టేయకండి, వెంటనే కొట్టిపారేయకండి. ‘వీడియో ఉంటే అందులో ఏం చూద్దామనుకున్నారు?’ అని అడగండి. ‘వచ్చేవాళ్ళు ఎలా ఉంటారో, ఇంట్లోకి రానివ్వచ్చో లేదో చూద్దామని’ అంటారు. అప్పుడు కావలసింది వీడియో కాకపోవచ్చు, పనివాళ్ళ ఫొటోలు, పేర్లు పెడితే చాలేమో. సలహా వెనక ఒక అవసరం ఉంటుంది, దాన్ని పట్టుకోండి.

సైట్‌లో ప్రశ్న అడగకూడదా అసలు? అడగొచ్చు, ఒక్కటి. పేజీ తెరుచుకోగానే నక్షత్రాలు ఇవ్వమనే పెట్టె మాత్రం తీసేయండి. ఇంకా ఏమీ చూడని మనిషి ఏమని ఇస్తారు? ఆర్డర్ పూర్తయ్యాక అడగండి. ‘ఆర్డర్ పెట్టేముందు, ఇక వద్దులే అనిపించిన చోటు ఏదైనా ఉందా?’ కింద ఖాళీ పెట్టె, వాళ్ళ మాటల్లో రాసుకోవడానికి. వాళ్ళు దాటి వచ్చినవాళ్ళు, ఎక్కడ కష్టపడ్డారో ఇంకా గుర్తుంటుంది. వాళ్ళకి కష్టమైన చోటే ఇంకొందరు వెనక్కి తిరిగి వెళ్ళిపోయి ఉంటారు. జవాబు రాసినవాళ్ళకి, మార్పు చేశాక, ‘మీరు చెప్పింది సరిచేశామండీ’ అని రెండు లైన్లు పంపండి. ఆ మర్యాద ఎవరూ చేయట్లేదు. మీరు చేయండి.

చివరగా ఇక్కడ ముందు వరసలో ఒకమ్మాయి అడుగుతోంది, ‘కూర్చున్నవాళ్ళకి డబ్బులు ఇవ్వాలా సార్?’ అని. ఇవ్వాలమ్మా. డబ్బో, చిన్న బహుమతో, మీ దగ్గర వాడుకునే కూపనో, వాళ్ళ సమయానికి తగ్గట్టు ఏదో ఒకటి. కానీ పరీక్ష అయ్యాక ఇవ్వకండి, కూర్చోగానే చేతిలో పెట్టండి. ‘పని పూర్తయినా కాకపోయినా, బాగుందన్నా బాలేదన్నా ఇది మీదే’ అని చెప్పి ఇవ్వండి. వీడియో తీస్తుంటే అది కూడా అప్పుడే అడగండి, వద్దంటే తీయకండి. పనులు కూడా మూడు దాటనివ్వకండి, అరగంటలో లేవనివ్వండి. అరగంట దాటాక మొహమాటంతో కూర్చుంటారు, అక్కడినుంచి మీరు రాసుకునేది పెద్దగా పనికిరాదు.